యూనిట్ 7: కారు ఇంజన్ వెనుక ఆయిల్ లీక్ – సీల్ చరిత్ర, కారణ నిర్ణయం

7.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
- ఇంజన్ వెనుక భాగంలో ఆయిల్‌ను ఆపడం ఎందుకు కష్టమైందో వివరించగలుగుతారు.
- క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీల్ ఏయే దశలలో మారిందో చెప్పగలుగుతారు.
- ప్రతి దశ రిపేరు పనివారి మీద ఏ కొత్త బాధ్యత పెట్టిందో గుర్తించగలుగుతారు.
- తిరిగి కట్టిన ఇంజన్‌లో లీక్‌కు కారణాన్ని క్రమపద్ధతిలో నిర్ణయించే తీరును వివరించగలుగుతారు.

7.1 పరిచయం

బోరు చేయించి, కొత్త పిస్టన్లు, బేరింగ్‌లు వేయించి తెచ్చిన కారు కింద వారం తిరగకముందే ఆయిల్ చుక్కలు కనిపించాయనుకోండి. చుక్క ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్యనున్న బెల్ హౌసింగ్ అడుగు నుంచి పడుతోంది. చూసినవారంతా ఒకే మాట అంటారు: "బ్యాక్ ఆయిల్ సీల్ పోయింది." ఆ మాట నిజమైతే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్, ఫ్లైవీల్ విప్పాలి. కొన్ని కార్లలో ఇంజన్ మొత్తం బయటికి తీయాలి. ఆ మాట తప్పైతే, ఇంత పనీ చేశాక కూడా అదే చోట అదే చుక్క పడుతుంది. కారు యజమానికి డబ్బు, రోజులు పోతాయి. మెకానిక్‌కు పేరు పోతుంది.

చరిత్ర విద్యార్థులకు ఈ విషయం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. సాంకేతిక చరిత్రను మనం సాధారణంగా కొత్త ఆవిష్కరణల వరుసగా చదువుతాం. కానీ ఒక యంత్రం కర్మాగారంలో గడిపేది కొద్ది రోజులే. మిగిలిన జీవితమంతా వాడేవారి చేతుల్లో, బాగుచేసేవారి చేతుల్లో గడుస్తుంది. బాగుచేసేవారు ఏం తెలుసుకోవలసి వచ్చింది, ఆ జ్ఞానం తరానికీ తరానికీ ఎలా మారింది అన్నది కూడా సాంకేతిక చరిత్రే. ఇంజన్ వెనుక పడే చుక్క దీనికి మంచి ఉదాహరణ. ఆ చుక్కకు కారణం తెలియాలంటే ఆ ఇంజన్ ఏ కాలపు ఆలోచనతో తయారైందో ముందు తెలియాలి.

7.2 వెనుక భాగమే ఎందుకు?

క్రాంక్‌షాఫ్ట్ ఇంజన్ లోపల ఆయిల్‌లో తిరుగుతుంది. దాని వెనుక చివర ఇంజన్ బయటికి వచ్చి ఫ్లైవీల్‌ను మోస్తుంది. అంటే తిరిగే ఇరుసు ఒకటి గోడలోంచి బయటికి రావాలి, దాని చుట్టూ ఉన్న సందులోంచి ఆయిల్ మాత్రం రాకూడదు. కదలని రెండు ముక్కల మధ్య కార్క్ గ్యాస్కెట్‌తోనో కాగితపు ప్యాకింగ్‌తోనో పని జరుగుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇరుసు దగ్గర అది సరిపోదు.

ఫ్లైవీల్ వెనుక పొడి క్లచ్ ఉన్నప్పుడు సమస్య మరింత పెరుగుతుంది. క్లచ్ ప్లేటుకు ఆయిల్ తగిలితే అది జారుతుంది. ఇంజన్ తిరుగుతున్నా కారు లాగదు. కాబట్టి అక్కడి లీక్‌ను నేల పాడుచేసే చిన్న మరకగా చూడడానికి వీల్లేదు.

ఇంకొక సంగతి గమనించండి. కారు ముందుకు పోతున్నప్పుడు గాలి ఇంజన్ మీద కారిన ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. చాలా వెనుక చక్రాల కార్లలో ఇంజన్ కూడా కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. అందువల్ల పైన ఎక్కడ కారినా ఆయిల్ చివరకు బెల్ హౌసింగ్ దగ్గరకే చేరుతుంది. చుక్క పడిన చోటు లీక్ పుట్టిన చోటు కానక్కరలేదు. ఈ యూనిట్ మొత్తానికి ఆధారమైన సూత్రం ఇదే.

7.3 సీల్ అవసరం తక్కువైన దశ: మోడల్ టీ

1908లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారును విడుదల చేసింది. 1927 వరకు కోటిన్నరకు పైగా కార్లు తయారయ్యాయి. ఈ కారులో ఇంజన్, ఫ్లైవీల్, గేర్లు అన్నీ ఒకే ఆయిల్‌ను పంచుకునేవి. ఫ్లైవీల్ తిరుగుతూ ఆయిల్‌ను పైకి చిమ్మేది. ఆ ఆయిలే గొట్టం ద్వారా ముందుకు వెళ్లి ఇంజన్ భాగాలను తడిపేది. క్లచ్ కూడా ఆయిల్‌లోనే పనిచేసేది.

ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ఆయిల్‌ను ఆపవలసిన అవసరం ఈ అమరికలో లేదు. సమస్యను పరిష్కరించడానికి బదులు అది తలెత్తకుండా చూశారన్నమాట. ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను వేరుచేసి మధ్యలో పొడి క్లచ్ పెట్టే పద్ధతి విస్తరించాక ఈ సౌలభ్యం పోయింది. ఆయిల్‌ను పంపు ఒత్తిడితో బేరింగ్‌లకు పంపే ఇంజన్లలో వెనుక బేరింగ్ నుంచి బయటపడే ఆయిల్ కూడా ఎక్కువే. దాన్ని అక్కడే ఆపి సంప్‌లోకి పంపడం అత్యవసరమైంది.

7.4 మరచుట్ల దశ: బి-సిరీస్ ఇంజన్, అంబాసిడర్

మన పాఠకులకు బాగా తెలిసిన ఇంజన్ ఈ దశకు చెందినది. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసిన అంబాసిడర్ కారుకు బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మూలం. 1950ల చివరలో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మొదట దీనికి పాత సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. కొద్దికాలానికే 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్ వచ్చింది. ఆస్టిన్, మోరిస్ సంస్థలు 1952లో కలిసి ఏర్పడిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఇంజన్ల కుటుంబం ఇది.

మూడు మెయిన్ బేరింగ్‌ల ఈ ఇంజన్ మూల నమూనాలో క్రాంక్ వెనుక రబ్బరు సీల్ లేదు. ఇరుసు మీదే మరచుట్ల గాడి కోశారు. మెకానిక్‌ల మాటలో అది త్రెడ్. ఇరుసు తిరిగినప్పుడు ఆ చుట్లు ఆయిల్‌ను బయటికి పోనివ్వకుండా లోపలికి నెడతాయి. మర తిప్పి నీటిని పైకి తోడే పాతకాలపు యంత్రం గురించి మీరు విని ఉంటారు. ఇక్కడ పనిచేసేది కూడా ఆ సూత్రమే.

ఈ పద్ధతిలో ఏదీ దేనికీ రాసుకోదు. కాబట్టి అరిగిపోయే సీల్ అంటూ ఉండదు. అయితే మూడు పరిమితులు ఉన్నాయి.

ఒకటి, ఇరుసు తిరిగినంతసేపే మరచుట్లు పనిచేస్తాయి. బండి ఆపాక అక్కడ మిగిలిన ఆయిల్ ఒకటి రెండు చుక్కలుగా కారవచ్చు. ఈ నమూనాకు అది సహజం.

రెండు, మరచుట్లకూ చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందు చాలా తక్కువగా, అన్ని వైపులా సమానంగా ఉండాలి. మెయిన్ బేరింగ్‌లు అరిగితే ఇరుసు కిందికి దిగి పైన సందు పెరుగుతుంది. రిపేరులో మెయిన్ బేరింగ్ రంధ్రాలను లైన్ బోరింగ్ చేస్తే ఇరుసు కేంద్రం కొద్దిగా జరగవచ్చు. కొత్త బేరింగ్‌లు వేసినా సందు ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ అవుతుంది.

మూడు, ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగితే మరచుట్లు ఓడిపోతాయి. ఆ ఒత్తిడి ఆయిల్‌ను సందులోంచి బయటికి తోస్తుంది.

కాబట్టి ఇలాంటి ఇంజన్ దగ్గర "సీల్ మార్చండి" అనే సలహాకు అర్థమే లేదు. మార్చడానికి అక్కడ సీల్ లేదు. అదే కుటుంబంలోని 1800 సీసీ ఇంజన్‌ను ఎంజీబీ కారు కోసం 1964లో ఐదు బేరింగ్‌లకు మార్చినప్పుడు వెనుక రబ్బరు సీల్ వచ్చింది. ఒకే పేరుగల ఇంజన్ కుటుంబంలో రెండు కాలాల ఆలోచనలు ఎలా ఉన్నాయో గమనించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) మోడల్ టీలో ఇంజన్‌కూ గేర్లకూ మధ్య సీల్ ఎందుకు అవసరం కాలేదు?
(ఆ) మరచుట్ల పద్ధతికి ఉన్న మూడు పరిమితులు రాయండి.

7.5 తాడు సీల్ దశ

ఇదే కాలంలో అనేక ఇంజన్లలో, ముఖ్యంగా అమెరికన్ కార్లలో, మరో పద్ధతి వాడుకలో ఉంది. ఆస్‌బెస్టాస్ పోగులను తాడులా అల్లి, గ్రాఫైట్ పట్టించి, క్రాంక్ చుట్టూ ఉన్న గాడిలో కూర్చేవారు. పై సగం ఇంజన్ బ్లాకులో, కింది సగం బేరింగ్ క్యాప్‌లో ఉంటుంది. మన పల్లెల్లో మోటారు పంపుల గ్లాండ్‌లో వేసే తాడు ప్యాకింగ్ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

తాడు సీల్ పనితనం పూర్తిగా బిగించేవారి చేతిలో ఉంటుంది. దాన్ని ఆయిల్‌లో నానబెట్టాలి. గుండ్రటి పనిముట్టుతో గాడిలో సమంగా అదమాలి. చివరలను పోగులు లేవకుండా కోయాలి. ఒక్క పోగు బేరింగ్ క్యాప్ కింద ఇరుక్కున్నా క్యాప్ సరిగా కూర్చోదు. అప్పుడు సీల్‌తోపాటు బేరింగ్ కూడా చెడుతుంది. తాడు మరీ బిగుతైతే ఇరుసు వేడెక్కుతుంది, వదులైతే కారుతుంది.

ఈ తాడు మీద ఆయిల్‌ను పట్టి ఉంచడానికి కొన్ని క్రాంక్‌షాఫ్ట్‌ల మీద సన్నటి గరుకు గీతలు కోసేవారు. ఈ వివరం గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరమని తేలడంతో ఈ దశ ముగిసింది. బ్రిటన్ 1999లో దాని వాడకాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య అంతటా 2005 నుంచి నిషేధం అమలైంది. పాత ఇంజన్ విప్పేవారికి ఇది ఈనాటికీ ముఖ్యమైన విషయం. పాత తాడు సీల్‌ను పొడిగా గీకకూడదు, దాని ధూళిని గాలితో ఊదకూడదు.

7.6 రబ్బరు అంచు దశ

జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణంలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ల పరిశ్రమ ఉండేది. 1929 ఆర్థిక సంక్షోభ కాలంలో ఆ సంస్థ తోలుతో యంత్ర సీల్స్ తయారుచేయడం మొదలుపెట్టింది. అక్కడి ఇంజనీరు వాల్టర్ సిమ్మర్ పేరు మీద వచ్చిన 'సిమ్మరింగ్' అనే సీల్ ఇరుసు సీల్స్ చరిత్రలో ప్రసిద్ధమైంది. లోహపు వలయంలో మెత్తటి అంచు ఉంటుంది. సన్నటి స్ప్రింగ్ ఆ అంచును ఇరుసుకు ఆనించి పట్టుకుంటుంది. 1930లలో ఆయిల్‌కు చెడని కృత్రిమ రబ్బర్లు రావడంతో తోలు స్థానాన్ని రబ్బరు ఆక్రమించింది.

క్రాంక్ వెనుక ఈ సీల్ రావడానికి సమయం పట్టింది. అక్కడ బేరింగ్ క్యాప్ రెండు ముక్కలుగా విడిపోతుంది కాబట్టి, మొదట సీల్ కూడా రెండు ముక్కలుగానే వచ్చింది. 1955లో వచ్చిన షెవ్రొలే చిన్న వీ-8 ఇంజన్ 1986 వరకు రెండు ముక్కల వెనుక సీల్‌తోనే నడిచింది. 1986లో దానికి ఒకే ముక్క సీల్ వచ్చింది. రెండు ముక్కలు కలిసే అతుకే ఆయిల్‌కు దారి కావడం ఆ మార్పుకు నేపథ్యం.

రబ్బరు అంచు మెకానిక్ పనిని తేలిక చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి భారం మరో చోటికి మారింది. తాడు సీల్‌కు చేతి నైపుణ్యం కావాలి. రబ్బరు సీల్‌కు ఇరుసు ఉపరితలం నున్నగా ఉండాలి. ఇక్కడే పాత అలవాట్లు కొత్త తప్పులుగా మారాయి.

తాడు సీల్ కోసం గరుకు గీతలు కోసిన క్రాంక్ మీద రబ్బరు సీల్ వేస్తే, ఆ గీతలు రబ్బరు అంచును కోసేస్తాయి. గ్రైండింగ్ చేసేటప్పుడు ఇరుసు మీద కంటికి కనపడని మరలాంటి గీతలు మిగిలితే, అవే ఆయిల్‌ను బయటికి నెట్టవచ్చు. పై దశలో ఆయిల్‌ను ఆపడానికి కావాలని కోసిన మరచుట్ల సూత్రమే ఇక్కడ లోపంగా తిరిగి వచ్చింది. సీల్ కొత్తది, బిగింపు సరైనది, అయినా లీక్ ఆగదు.

మరో ఉదాహరణ చూడండి. రబ్బరు సీల్ అంచుకు ఆయిల్ రాసి వేయాలి. టెఫ్లాన్‌గా మనకు తెలిసిన పదార్థంతో చేసిన తర్వాతి తరం సీల్స్‌ను సాధారణంగా పొడిగానే వేయాలి. ముప్పై ఏళ్ల అనుభవమున్న మెకానిక్ అలవాటు కొద్దీ వాటికీ ఆయిల్ రాస్తే లీక్ వస్తుంది. అనుభవం ఎక్కువైనచోటే ఈ తప్పు జరగడానికి అవకాశం ఎక్కువ.

7.7 ఊపిరి దారి చరిత్ర

పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి జారుతుంది. అది ఇంజన్ లోపల ఒత్తిడి పెంచుతుంది. పాత ఇంజన్లలో ఈ గ్యాస్ బ్రీథర్ గొట్టం ద్వారా నేరుగా రోడ్డు మీదికి పోయేది. లాస్ ఏంజిలిస్ నగరంలో పొగమంచు సమస్య తీవ్రమయ్యాక, 1961 నుంచి కాలిఫోర్నియాలో, 1963 నుంచి అమెరికా అంతటా కొత్త కార్లలో ఈ గ్యాస్‌ను వాల్వు ద్వారా తిరిగి ఇంజన్‌లోకే పంపే ఏర్పాటు వచ్చింది.

గాలి కాలుష్యం కోసం వచ్చిన ఈ మార్పు సీల్ మీద కూడా ప్రభావం చూపింది. వాల్వు సరిగా ఉంటే ఇంజన్ లోపల కొద్దిగా పీల్పు ఉండి ఆయిల్ లోపలే ఉంటుంది. వాల్వు మూసుకుపోతే ఒత్తిడి పెరిగి, ఆయిల్ ఏది బలహీనమైన దారి అయితే దాని గుండా వస్తుంది. చాలాసార్లు ఆ దారి వెనుక సీలే. అక్కడ సీల్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

తిరిగి కట్టిన ఇంజన్‌లో ఈ విషయం మరింత ముఖ్యం. కొత్త రింగులు సిలిండర్ గోడలకు కుదిరే వరకు జారే గ్యాస్ ఎక్కువగా ఉంటుంది. పాత బ్రీథర్ గొట్టాన్ని శుభ్రం చేయకుండానే బిగించి ఉంటే సమస్య రెట్టింపవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) తాడు సీల్ నుంచి రబ్బరు సీల్‌కు మారినప్పుడు మెకానిక్ పని ఎలా మారింది?
(ఆ) బ్రీథర్ మూసుకుపోతే వెనుక లీక్ ఎందుకు వస్తుంది?

7.8 కారణ నిర్ణయ పద్ధతి

చరిత్రకారుడు ఒక శాసనం దొరికిన చోటును, దాన్ని వేయించిన చోటును ఒకటిగా భావించడు. అది ఎలా అక్కడికి చేరిందో ముందు అడుగుతాడు. లీక్ విషయంలోనూ అంతే. కింది క్రమాన్ని గమనించండి. తక్కువ ఖర్చుతో తేలే ప్రశ్నలు ముందు, ఎక్కువ ఖర్చు అయ్యేవి చివర ఉన్నాయి.

1. ఇంజన్ చరిత్ర అడగండి. రిపేరుకు ముందు లీక్ ఉందా? ఏయే భాగాలు మార్చారు? క్రాంక్ గ్రైండింగ్, లైన్ బోరింగ్ జరిగాయా? చుక్క బండి నడుస్తున్నప్పుడు పడుతోందా, ఆపాక పడుతోందా?

2. సీల్ ఏ దశకు చెందినదో తేల్చండి. మరచుట్లా, తాడా, రెండు ముక్కల రబ్బరా, ఒకే ముక్కా?

3. కారేది ఏమిటో చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకపు ఘాటు వాసనతో ఉంటుంది. అది గేర్‌బాక్స్ ముందు భాగం నుంచి రావచ్చు. క్లచ్ ఫ్లూయిడ్ పలచగా ఉంటుంది.

4. ఇంజన్‌ను పూర్తిగా కడిగి ఆరబెట్టండి. అనుమానమున్న చోట్ల సుద్దపొడి చల్లి కొద్దిసేపు నడపండి. తడిసిన గీత మొదలైన చోటు కనిపిస్తుంది. ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూసే పద్ధతి కూడా ఉంది.

5. పై నుంచి కిందికి చూడండి. రాకర్ కవర్ వెనుక అంచు, ట్యాపెట్ మూతలు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, చివరగా సంప్ వెనుక అంచు.

6. బ్రీథర్ చూడండి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే గ్యాస్ గట్టిగా తన్నుకొస్తోందా? మూత తీసి నడిపినప్పుడు లీక్ తగ్గుతోందా?

7. ఇవన్నీ సరిగా ఉంటేనే గేర్‌బాక్స్ దించండి. దించాక దేన్నీ వెంటనే తుడవకండి. ఆయిల్ చిమ్మిన జాడలే సాక్ష్యం. ఫ్లైవీల్ ఇంజన్ వైపు తడిసి, క్లచ్ వైపు పొడిగా ఉంటే లీక్ ఇంజన్‌దే. అయినా అది సీలే కానక్కరలేదు. క్యామ్‌షాఫ్ట్ వెనుక బిళ్ల, ఆయిల్ దారి చివరి ప్లగ్, బేరింగ్ క్యాప్ పక్కల ప్యాకింగ్ కూడా ఫ్లైవీల్ చాటునే ఉంటాయి. రిపేరులో వీటిని తీసి తిరిగి వేస్తారు కాబట్టి వీటి మీద అనుమానం సహజం.

7.9 ఒక ఉదాహరణ

ఈ పద్ధతిని ఒక ఊహాత్మక సందర్భానికి అన్వయిద్దాం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట ఒక టాక్సీ అంబాసిడర్ ఇంజన్ తిరిగి కట్టారనుకుందాం. పది రోజులకు డ్రైవర్ వచ్చి, "అన్నా, బెల్ హౌసింగ్ కింద కారుతోంది. బండి ఆగితే నాకు రోజు గడవదు" అన్నాడు. పక్క షెడ్డువారు ఇంజన్ దించమన్నారు.

మెకానిక్ ముందు ప్రశ్నలు అడిగాడు. బండి నడుస్తున్నప్పుడు కూడా కారుతోందని తేలింది. కాబట్టి ఆపాక పడే సహజమైన చుక్క ఇది కాదు. ఇది మరచుట్ల ఇంజన్ కాబట్టి సీల్ అనే ప్రశ్న లేదు. సందు, ఒత్తిడి, పై నుంచి కారడం – ఈ మూడే మిగిలాయి. మొదటిది తేలాలంటే ఇంజన్ దించాలి. మిగతా రెండూ పూటలో తేలతాయి.

కడిగి సుద్దపొడి చల్లి నడిపితే, మానిఫోల్డ్ కిందనున్న ట్యాపెట్ మూత అంచు నుంచి తడి గీత వెనక్కి సాగింది. ఆ మూతను మధ్యలో ఒకే బోల్టు పట్టుకుంటుంది. దాన్ని అతిగా బిగిస్తే రేకు వంగి అంచులు లేస్తాయి. బ్రీథర్ గొట్టం విప్పితే లోపల గట్టిపడిన మడ్డి ఉంది. రేకును చదును చేసి, కొత్త కార్క్ గ్యాస్కెట్ వేసి, గొట్టం శుభ్రం చేసి పంపాడు. ఇంజన్ దించలేదు.

చుక్క ఆగి ఉండకపోతే? అప్పుడు మరచుట్ల సందును అనుమానించి ఇంజన్ దించడం న్యాయమే. ఈ క్రమం సరైన సమాధానానికి హామీ ఇవ్వదు. పెద్ద ఖర్చుకు ముందు చిన్న అనుమానాలన్నీ తీరాయని మాత్రం హామీ ఇస్తుంది. రోజు సంపాదన మీద బతికేవారి బండి విషయంలో ఆ తేడా చిన్నది కాదు.

7.10 సారాంశం

ఇంజన్ వెనుక ఆయిల్‌ను ఆపే ప్రయత్నం ఉమ్మడి ఆయిల్, మరచుట్లు, తాడు, రబ్బరు అంచు అనే దశలను దాటింది. ప్రతి దశ ముందున్న బలహీనతను తగ్గించింది, బాగుచేసేవారిని మాత్రం కొత్త విషయం నేర్చుకోమంది. ఒక దశలో మేలు చేసిన గీత మరో దశలో లోపమైంది. ఒక తరం మంచి అలవాటు తర్వాతి తరం తప్పైంది. అందుచేత ఒకేలా కనిపించే చుక్కకు ఇంజన్ కాలాన్ని బట్టి వేర్వేరు కారణాలు ఉంటాయి. చుక్క పడిన చోటు నుంచి అది పుట్టిన చోటుకు, అక్కడి నుంచి ఆ ఇంజన్ చరిత్రకు వెళ్లడమే కారణ నిర్ణయం.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీల్ పరిణామ దశలను వివరించండి.
2. "బాగుచేయడం కూడా సాంకేతిక చరిత్రలో భాగమే." ఈ యూనిట్‌లోని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. బి-సిరీస్ ఇంజన్‌లో ఆయిల్‌ను ఆపే పద్ధతి, దాని పరిమితులు.
2. తిరిగి కట్టిన ఇంజన్‌లో లీక్ కారణాన్ని నిర్ణయించే క్రమం.
3. మీ ఊరిలోని ఒక మెకానిక్‌ను కలిసి, ఆయన పని నేర్చుకున్న కాలానికీ ఇప్పటికీ సీల్స్ ఎలా మారాయో అడిగి రాయండి.